పాత పటాలు, పాత పాటలు, పాత మట్టి: నదుల గతాన్ని, పచ్చదనం గతాన్ని చదివేదెలా?

2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర కోసీ నది తూర్పు కరకట్టకు గండి పడింది. ఆ రోజు నదిలో ఉన్న ప్రవాహం సుమారు లక్షన్నర క్యూసెక్కులు. ఆ కట్టలు కట్టినప్పుడు లెక్కలోకి తీసుకున్న వరద తొమ్మిది లక్షల క్యూసెక్కులకు పైనే. అంటే అది అసాధారణమైన వరద కానే కాదు. అయినా గండిలోంచి బయటపడ్డ నీరు మళ్లీ నదిలో కలవకుండా తూర్పుకు తిరిగి బీహార్‌లోని సుపౌల్, మధేపురా, సహర్సా, అరరియా, పూర్ణియా జిల్లాల మీదుగా పారింది. కొన్ని చోట్ల కొత్త ప్రవాహానికీ అంతకుముందు నది ఉన్న చోటికీ మధ్య దూరం దాదాపు 120 కిలోమీటర్లు. 30 లక్షల మందికి పైగా జనం ముంపు బారిన పడ్డారు.

మనుషులకు ఆ దారి కొత్తది. అక్కడ పొలాలు, ఇళ్లు, రోడ్లు, బడులు ఉన్నాయి. కోసీకి మాత్రం అది పాతదే. ఆ నది ఎన్నో ఏళ్ల కిందట వదిలేసిన పాయల్లోకే తిరిగి వచ్చింది. ఈ పాయలు 18వ శతాబ్దపు పటాల్లో ఉన్నాయి, ఊళ్లలోని పెద్దల మాటల్లో ఉన్నాయి, ఉపగ్రహ చిత్రాల్లోనూ కనిపిస్తాయి. స్థానికులు వాటిని ఇప్పటికీ ‘ధార్’ అనే పిలుస్తారు.

ఒక నది ఎక్కడ పారేది, ఒక నేల మీద ఏ చెట్లు పెరిగేవి అనే ప్రశ్నలు చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకే పరిమితం కావని కోసీ చూపించింది. కట్ట ఎక్కడ కట్టాలి, మొక్కలు ఎక్కడ నాటాలి అనే నేటి నిర్ణయాలు గతం గురించి మనకున్న అవగాహన మీదే ఆధారపడతాయి. ఆ అవగాహన తప్పయితే నిర్ణయమూ తప్పవుతుంది. మరి కొలత పరికరాలు లేని కాలం గురించి శాస్త్రవేత్తలు ఎలా తెలుసుకుంటారు? ఆ ఆధారాలను ఎంతవరకు నమ్మవచ్చు?

పటం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మన దేశంలో నదుల ప్రవాహాన్ని క్రమం తప్పకుండా కొలవడం మొదలై ఎంతో కాలం కాలేదు. ఉపగ్రహ చిత్రాలు 1970ల నుంచే అందుబాటులో ఉన్నాయి. ఒక నది తన స్వభావాన్ని పూర్తిగా చూపడానికి ఈ కాలం చాలదు. అందుకే పరిశోధకులు ముందుగా పాత పటాలను వెతుకుతారు.

ఈస్టిండియా కంపెనీ కోసం జేమ్స్ రెన్నెల్ 1764 నుంచి 1777 వరకు బెంగాల్, దాని పరిసర ప్రాంతాలను సర్వే చేశాడు. ఆయన తయారు చేసిన ‘బెంగాల్ అట్లాస్’ను ఇప్పటి పటం పక్కన పెడితే ఆశ్చర్యం కలుగుతుంది. అందులో బ్రహ్మపుత్ర ప్రధాన ప్రవాహం ఇప్పటి బంగ్లాదేశ్‌లోని మధుపూర్ మెరకకు తూర్పున, మైమెన్‌సింగ్ వైపుగా పారుతోంది. ఇప్పుడది ఆ మెరకకు పశ్చిమాన జమున పేరుతో పారుతోంది. అదే అట్లాస్‌లో తీస్తా నది దక్షిణంగా పాయలుగా విడిపోయి గంగ వైపు వెళ్తోంది. 1787లో వచ్చిన పెద్ద వరద తర్వాత తీస్తా తూర్పుకు తిరిగి బ్రహ్మపుత్రలో కలిసింది. దాదాపు 1830 నాటికి బ్రహ్మపుత్ర ప్రధాన ప్రవాహం జమున దారి పట్టింది.

పటాలు లేకపోతే ఇంత పెద్ద మార్పు కొద్ది దశాబ్దాల్లోనే జరిగిందని తెలిసేది కాదు. అయితే పటం ‘ఎప్పుడు’ అన్నది చెబుతుంది కానీ ‘ఎందుకు’ అన్నది చెప్పదు. తీస్తా వరద వల్లనా, భూకంపాల వల్లనా, మధుపూర్ ప్రాంతం నెమ్మదిగా పైకి లేవడం వల్లనా అన్నదానిపై భూవిజ్ఞానుల మధ్య చర్చ చాలాకాలంగా సాగుతూనే ఉంది. ఆ ప్రశ్నకు జవాబు కాగితంలో దొరకదు, నేల పొరల్లో వెతకాలి.

కోసీ విషయంలో పటాలు మరింత ఆసక్తికరమైన పాఠం చెబుతాయి. హిమాలయాల నుంచి ఈ నది భారీగా ఒండ్రును, ఇసుకను మోసుకొస్తుంది. నేపాల్‌లోని ఛత్రా దగ్గర కొండలు దాటి మైదానంలోకి రాగానే వాలు తగ్గుతుంది, వేగం తగ్గుతుంది. నది తన బరువును అక్కడే దించుకుంటూ పోతుంది. అలా పేరుకున్న మేట విసనకర్ర ఆకారంలో వందకు పైగా కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. నదిగర్భం పక్క నేల కంటే ఎత్తయినప్పుడు నీరు పల్లం వెతుక్కుని కొత్త దారి పడుతుంది. విసనకర్ర మీద ఇది ఎన్నోసార్లు జరిగింది.

1966లో సి.వి. గోలే, ఎస్.వి. చితలే పాత పటాలను, రికార్డులను పోల్చి చూసి, కోసీ రెండు శతాబ్దాలకు పైగా కాలంలో తూర్పు నుంచి పడమరకు 110 కిలోమీటర్లకు పైగా జరిగిందని చెప్పారు. 18వ శతాబ్దంలో పూర్ణియా పట్టణం దగ్గర ఉన్న నది క్రమంగా పశ్చిమానికి వచ్చిందన్న ఈ చిత్రం చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది.

2010లో తపన్ చక్రవర్తి, ఆయన సహచరులు 1760 నుంచి 1960 వరకు గీసిన 28 పటాలను మళ్లీ పరిశీలించారు. వాళ్లకు కనిపించిన కథ వేరు. నది గడియారం ముల్లులా ఒకే దిశలో కదలలేదు. చాలాకాలం దాదాపు ఒకే ప్రాంతంలో ఉంటూ, కొన్నిసార్లు కొద్దిగా తూర్పుకూ జరుగుతూ, ఒక క్రమమంటూ లేకుండా అటూ ఇటూ ఊగింది.

ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. దాని పర్యవసానం మాత్రం చిన్నది కాదు. నది క్రమంగా పడమరకే జరుగుతుందని నమ్మితే, తూర్పున ఉన్న పాత పాయలు చచ్చిపోయినట్టే అనుకుంటాం. అక్కడ నిశ్చింతగా ఇళ్లు కట్టుకుంటాం. నది ఊగిసలాడుతుందని తెలిస్తే, ఆ పాయలు నిద్రలో ఉన్నాయే తప్ప చావలేదని అర్థమవుతుంది. 2008లో జరిగింది అదే.

పాత పటాల విషయంలో ఇలాంటి భేదాలు రావడానికి కారణాలున్నాయి. రెండు పటాల మధ్య ముప్పై ఏళ్ల ఖాళీ ఉంటే, ఆ మధ్యకాలంలో నది నెమ్మదిగా జరిగిందా, ఒక్క రాత్రిలో దూకిందా అన్నది పటం చెప్పదు. గీత గీసేది చదివేవారి ఊహే. పైగా ఒక పటంపై ఉన్న ముద్రణ సంవత్సరం, సర్వే జరిగిన సంవత్సరం ఒకటి కాకపోవచ్చు. పాత పటాన్ని చూసి కొత్త పటం గీయడం ఆ రోజుల్లో మామూలే. అలాంటి రెండు పటాలు ఒకే మాట చెబితే అది ఇద్దరు సాక్షుల మాట కాదు, ఒకే సాక్షి రెండుసార్లు చెప్పిన మాట. సర్వే వేసవిలో జరిగిందా, వానాకాలంలో జరిగిందా అన్నదాన్ని బట్టి కూడా నది వెడల్పు మారిపోతుంది.

నోటి మాట, ఊరి పేరు

పటాలు లేని చోట జనం జ్ఞాపకం ఉంటుంది. 1809-10లో పూర్ణియా జిల్లాను సర్వే చేసిన ఫ్రాన్సిస్ బుకానన్, కోసీ ఒకప్పుడు ఇంకా తూర్పున పారేదని స్థానికులు చెప్పుకునే సంగతులను కూడా నమోదు చేశాడు. అలాంటి మాటలను నేటి పరిశోధకులు కొట్టిపారేయరు, అలాగని యథాతథంగా తీసుకోరు. ఎక్కడ తవ్వి చూడాలో చెప్పే సూచనలుగా వాడుకుంటారు. నేల కింద నది ఇసుక పొర దొరికితే, ఆ ఇసుక రేణువులు చివరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో ల్యూమినిసెన్స్ పద్ధతిలో లెక్కకట్టవచ్చు. అప్పుడు కథకు కాలం దొరుకుతుంది.

ఊరి పేర్లూ అలాంటివే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ‘లంక’ అనే మాటతో ముగిసే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. లంక అంటే చుట్టూ నీరున్న మెరక. ఆ పేరున్న ఊరు ఇప్పుడు నీటికి దూరంగా ఉంటే, ఒకప్పుడు అక్కడ పాయ ఉండేదేమోనని అనుమానించడానికి అవకాశం ఉంది. అయితే వేరే చోటి నుంచి వలస వచ్చినవాళ్లు తమ పాత ఊరి పేరును వెంట తెచ్చుకోవడమూ ఉంది. కాబట్టి పేరు ఒక ఆనవాలే తప్ప రుజువు కాదు.

చెట్ల సంగతి: అడవి పోయి గడ్డి మిగిలిందా?

నది తన వెనక పాయను, ఇసుకను వదిలి వెళ్తుంది. చెట్టు చచ్చిపోతే కొన్నేళ్లలో ఆనవాలు కూడా మిగలదు. అందుకే ఒక ప్రాంతపు పచ్చదనం గతాన్ని తెలుసుకోవడం మరింత కష్టం. ఈ ఖాళీలోనే అపోహలు పెరుగుతాయి.

దక్కన్ పీఠభూమిలో చాలా చోట్ల గడ్డి మైదానాలు, వాటి మధ్య అక్కడక్కడ తుమ్మ, మోదుగ, చండ్ర లాంటి చెట్లు కనిపిస్తాయి. ఇలాంటి నేలలను శాస్త్రవేత్తలు సవన్నాలు అంటారు. ఒకప్పుడు ఇక్కడ దట్టమైన అడవి ఉండేదని, మనుషులు నరికేయడంతో గడ్డి మిగిలిందని చాలామంది నమ్ముతారు. బ్రిటిష్ కాలపు అటవీ శాఖకు కలప ముఖ్యం కాబట్టి కలప ఇవ్వని నేల దాని దృష్టిలో చెడిపోయిన అడవి. రెవెన్యూ శాఖకు శిస్తు ముఖ్యం కాబట్టి శిస్తు రాని నేల దాని దస్త్రంలో బంజరు. ‘బంజరు’ అన్న మాట అక్కడ సాగు లేదని మాత్రమే చెబుతుంది. ప్రాణం లేదని చెప్పదు. గొర్రెల మందలు, జింకలు, పిట్టలు, వందల రకాల మొక్కలు ఆ బంజరులోనే బతుకుతాయి.

ఇది నిజంగా పోయిన అడవేనా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఆశీష్ నెర్లేకర్, పుణెలోని ఐసర్‌కు చెందిన దిగ్విజయ్ పాటిల్ ఊహించని చోటికి వెళ్లారు. వాళ్లు పశ్చిమ మహారాష్ట్రకు సంబంధించిన పాత మరాఠీ సాహిత్యాన్ని చదివారు. 13వ శతాబ్దం నుంచి ఉన్న భక్తి రచనలు, చరిత్రలు, పుణ్యక్షేత్రాల కథలు, జానపద గేయాలు వాళ్ల ఆధారాలు. వాటిలో అడవి మొక్కల ప్రస్తావన ఎక్కడ వచ్చినా రాసుకుంటూ పోయారు. 2025లో ‘పీపుల్ అండ్ నేచర్’ పత్రికలో వెలువడిన వాళ్ల పరిశోధన ప్రకారం, మొత్తం 44 జాతుల మొక్కలు గుర్తించదగినట్టుగా కనిపించాయి. వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు సవన్నాల్లో పెరిగేవే. దట్టమైన అడవికి మాత్రమే చెందినవి చాలా తక్కువ.

అంటే కనీసం 750 ఏళ్లుగా ఆ ప్రాంతం ముళ్ల చెట్లతో, గడ్డితో కూడిన బహిరంగ నేలగానే ఉందని ఆ రచనలు సూచిస్తున్నాయి. ఆ కవులు, కథకులు జీవవైవిధ్య సర్వే చేయాలని రాయలేదు. దేవుడి మహిమ గురించో, ఒక భక్తుడి జీవితం గురించో రాస్తూ, ఆయన ఏ చెట్టు కింద కూర్చున్నాడో యథాలాపంగా చెప్పారు. అందుకే ఆ సమాచారానికి విలువ ఎక్కువ. చెట్టు గురించి అబద్ధం చెప్పాల్సిన అవసరం వాళ్లకు లేదు.

అయితే సాహిత్యానికీ తనవైన పక్షపాతాలున్నాయి. కావ్యాల్లో వర్ణనకు సంప్రదాయం ఉంటుంది. కవి తాను ఎన్నడూ చూడని చెట్లను కూడా ఉద్యానవన వర్ణనలో చేర్చవచ్చు. పవిత్రమైన చెట్లు ఎక్కువసార్లు, పనికిరాని పొదలు తక్కువసార్లు కనిపిస్తాయి. పాత పేరు ఇప్పటి ఏ జాతికి వర్తిస్తుందో తేల్చడమూ సులభం కాదు. అందువల్ల ఎక్కడి సంగతో తెలిసే ప్రస్తావనలకు, వర్ణన కోసం వచ్చిన చెట్ల జాబితాలకు ఒకే విలువ ఇవ్వకూడదు.

తెలుగు నేల మీద ఇలాంటి పనికి మరో గని ఉంది. అది శాసనాలు. దానంగా ఇచ్చిన భూమికి హద్దులు చెప్పేటప్పుడు శాసనాల్లో చెట్లు, పుట్టలు, వాగులు, చెరువులు, దారులు పేరుపేరునా వస్తాయి. ఒక ఊరి పొలిమేరలో ఏ చెట్టు ఉండేదో, ఏ దిక్కున నీరు పారేదో అలా తెలుస్తుంది. భూమి హక్కుకు సంబంధించిన పత్రం కాబట్టి అందులో కవి కల్పనకు చోటు తక్కువ. కానీ ఇక్కడా ఒక జాగ్రత్త అవసరం. హద్దుగా ఎంచుకునేది అందరికీ తెలిసిన, చాలాకాలం బతికే పెద్ద చెట్టును. హద్దుల్లో మర్రి, చింత ఎక్కువగా కనిపించినంత మాత్రాన ఆ ఊరంతా మర్రితోపు, చింతతోపు అనుకోకూడదు.

మట్టి దాచుకున్న సాక్ష్యం

రాతలు మనుషుల మాటలు. వాటిని సరిచూసుకోవడానికి మనుషుల ప్రమేయం లేని సాక్షి కావాలి. ఆ సాక్షి చెరువుల అడుగున, చిత్తడి నేలల్లో, సముద్ర గర్భంలో పొరలు పొరలుగా పేరుకున్న మట్టి. పూల నుంచి రాలిన పుప్పొడి రేణువుల పైపొర చాలా గట్టిది. గాలి తగలని బురదలో వేల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉంటుంది. సూక్ష్మదర్శినిలో చూసి అది ఏ కుటుంబపు మొక్కదో గుర్తించవచ్చు.

పుప్పొడి లేకపోయినా కార్బన్ ఉంటుంది. మొక్కలు గాలిలోని కార్బన్‌డయాక్సైడ్‌ను ఆహారంగా మార్చుకునే పద్ధతులు ప్రధానంగా రెండు. చెట్లలో అత్యధికం, వరి లాంటి పైర్లు ఒక పద్ధతిని వాడతాయి. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు, వేడి ప్రాంతాల గడ్డి జాతుల్లో చాలా భాగం మరో పద్ధతిని వాడతాయి. ఈ రెండో రకం మొక్కల్లో కొంచెం బరువైన కార్బన్-13 పాలు కాస్త ఎక్కువగా ఉంటుంది. మొక్క కుళ్లి మట్టిలో కలిసినా ఈ గుర్తు చెరగదు. ఒక పొరలో కార్బన్-13 పెరిగితే ఆ కాలంలో గడ్డి పెరిగిందని, తగ్గితే చెట్లు పెరిగాయని అంచనా వేయవచ్చు.

రామన్ సుకుమార్, ఆయన సహచరులు 1993లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో ఈ పద్ధతినే వాడారు. నీలగిరి చిత్తడి లోయల్లో పేరుకున్న, పూర్తిగా కుళ్లని మొక్కల పొరలను పరీక్షించి, గత 20 వేల ఏళ్లలో అక్కడ గడ్డి, చెట్ల పాలు వాతావరణంతో పాటు ఎలా మారిందో చూపారు. పొడి కాలాల్లో గడ్డి విస్తరించింది, తడి కాలాల్లో చెట్లు విస్తరించాయి. నీలగిరి గడ్డి కొండలు మనిషి గొడ్డలి పుట్టించినవి కావని దీనితో స్పష్టమైంది. కానీ అప్పటికే, బ్రిటిష్ కాలం నుంచి, ఆ గడ్డి నేలల్లో చాలా భాగం మీద ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన వాటిల్, యూకలిప్టస్ చెట్లు నాటడం జరిగిపోయింది. వాటిల్ ఇప్పుడు నాటకపోయినా పాకే కలుపుచెట్టుగా మారింది.

గోదావరి కూడా ఇలాంటి సాక్ష్యాన్నే సముద్రంలో దాచింది. నదీముఖానికి ఎదురుగా బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన మట్టి స్తంభంలో, నది వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఆకుల పైపూత మైనం అణువులు దొరికాయి. 2012లో కమీలో పాంటన్, ఆయన సహచరులు వాటిలోని కార్బన్‌ను కొలిచారు. సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి వరకు గోదావరి పరీవాహక ప్రాంతంలో కరువును తట్టుకునే మొక్కలు క్రమంగా పెరుగుతూ వచ్చాయని తేల్చారు. అంటే మధ్య, దక్షిణ భారతం ఆ కాలంలో మెల్లగా ఎండుతూ వచ్చింది. 13వ శతాబ్దపు మరాఠీ రచనలు పుట్టే నాటికి దక్కన్ పచ్చదనం ఈ మార్పును దాటి వచ్చేసింది. పుస్తకంలోని ముళ్ల చెట్లు, సముద్రం అడుగున మైనం అణువులు ఒకదాని గురించి ఒకటి తెలియని సాక్షులు. వాటి మాట ఒకే వైపు చూపుతోంది.

మట్టిని కూడా గుడ్డిగా నమ్మకూడదు. జొన్న చేను, గడ్డి మైదానం కార్బన్‌లో ఒకేలా కనిపిస్తాయి. గాలికి ఎగిరే పుప్పొడి దూరం నుంచి వచ్చి చేరుతుంది. సముద్రం అడుగున దొరికేది మొత్తం పరీవాహక ప్రాంతపు సగటే కానీ ఒక ఊరి సంగతి కాదు. ఆ ఊరి సంగతి కావాలంటే మళ్లీ శాసనం దగ్గరికో, పాట దగ్గరికో రావాల్సిందే.

సాక్షిని ప్రశ్నించే పద్ధతి

ఈ ఉదాహరణలన్నిటిలోనూ పరిశోధకులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఈ ఆధారాన్ని ఎవరు సృష్టించారు, ఏ అవసరం కోసం? రాసినవాళ్లు కళ్లారా చూశారా, విని రాశారా? అందులో లేనిది నిజంగా లేదా, లేక ఎవరూ పట్టించుకోలేదా? కాలం ఎలా తెలిసింది? రెండు ఆధారాలు ఏకీభవిస్తే, అవి వేర్వేరు మూలాల నుంచి వచ్చినవేనా?

వీటిలో మూడో ప్రశ్న ముఖ్యమైనది. రెవెన్యూ దస్త్రంలో గడ్డి జాతుల పేర్లు లేవంటే గడ్డి లేదని కాదు, గుమాస్తాకు దానితో పని లేదని అర్థం. ప్రస్తావన లేకపోవడాన్ని లేకపోవడంగా పొరబడితే, ఒక సజీవమైన నేల కాగితం మీద ఖాళీ జాగాగా మారిపోతుంది.

ఆ తర్వాత జరిగేది మనకు తెలిసిందే. ఖాళీ జాగాలో మొక్కలు నాటాలని పథకం వస్తుంది. ఉద్దేశం మంచిదే. కానీ సహజమైన గడ్డి నేలలో దట్టంగా చెట్లు నాటితే నీడలో గడ్డి చస్తుంది, దాని మీద బతికే జీవాలు పోతాయి, పశువుల కాపరులకు మేత భూమి పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని రోళ్లపాడు గడ్డి మైదానాన్ని బట్టమేక పిట్ట కోసమే అభయారణ్యంగా ప్రకటించారు. బహిరంగ నేల లేకపోతే బతకలేని ఆ పక్షి దేశం మొత్తం మీద అంతరించిపోయే దశకు చేరింది. దాని కష్టాలకు కారణాలు చాలా ఉన్నాయి. గడ్డి నేలలను బంజర్లుగా చూడడం వాటిలో ఒకటి.

నిజంగా అడవి నరికిన చోట మళ్లీ అడవిని పెంచడం అవసరమే. ఏది పోయిన అడవి, ఏది ఎప్పటి నుంచో ఉన్న గడ్డి నేల అన్నది కంటితో చూసి తేల్చలేం. అలాగే ఎండిన పాయను చూసి అది ఎప్పటికీ ఎండిపోయిందని చెప్పలేం. ఒక ప్రాంతంలో పథకం మొదలుపెట్టే ముందు అక్కడి పాత పటాలను, శాసనాలను, పాటలను, మట్టి పొరలను పక్కపక్కన పెట్టి చదవడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. చదవకపోతే అయ్యే ఖర్చు ఎంతో సుపౌల్, మధేపురా రైతులకు తెలుసు. వరద తీసిన తర్వాత వాళ్ల పొలాల్లో మిగిలింది ఇసుక మేట.